వయ్యారిభామ, వంకాయ, ఒక విద్యార్థి ప్రాజెక్టు

డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు అయ్యాక మార్కాపురం, కంభం, గిద్దలూరు కాలేజీల పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళ మీద పడతారు. రచ్చబండ దగ్గరా, రేషన్ షాపు వరసలోనూ, ఉపాధి హామీ పనుల దగ్గరా మనుషుల్ని ఆపుతారు. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా, దురదలు ఉన్నాయా, తాగే నీళ్ళు ఎక్కడివి అని అడిగి రాసుకుంటారు. దీని పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి ఇది తప్పనిసరి. 180 గంటల పని. బడిపిల్లలకు ఇలాంటిదే 1993 నుంచి బాలల సైన్స్ కాంగ్రెస్ రూపంలో ఉంది. పది నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి ఎంచుకొని, గైడ్ టీచర్ సాయంతో కొలిచి, లెక్కగట్టి, జిల్లా స్థాయిలోనూ ఆపైనా నలుగురి ముందు చెబుతారు. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థుల అధ్యయనాలకు పోటీలు కూడా పెడుతున్నారు.

ఆ తరవాత ఏమవుతుందో అందరికీ తెలుసు. స్పైరల్ బైండింగ్, గైడ్ సంతకం, వైవా, మార్కులు, బీరువా. మరుసటేడు జూనియర్లు ఆ బీరువా తెరిచేది ఒక్క పనికే. ఫార్మాట్ చూసి ఎత్తిరాసుకోవడానికి.

నిజానికి జీవశాస్త్రం చదివే పిల్లలకు ఆ బీరువాలో ఉన్న చదువు పాఠ్యపుస్తకంలో లేదు. పాఠ్యపుస్తకం తేలిపోయిన సంగతులే చెబుతుంది. ఎలా తేలిందో చెప్పదు, అడిగినా పలకదు. సీనియర్ చేసిన ప్రాజెక్టు అలా కాదు. దాన్ని చేసిన అమ్మాయి ఇంకా ఊళ్ళోనే ఉంటుంది. ‘ఈ నలభైమందిని ఎట్లా ఎంచావు? ఎప్పుడు అడిగావు? ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?’ అని నిలదీయవచ్చు. కాకపోతే విద్యార్థుల నివేదికల్లో తీర్మానాలు తరచూ తప్పుగా ఉంటాయి. అందుకే వాటిని చదవడానికి ఒక పద్ధతి కావాలి. అందులో చూసిందేమిటో, చూసినదాన్ని బట్టి అనుకున్నదేమిటో విడదీసుకోవాలి. మొదటిది చాలాసార్లు నికరంగా నిలుస్తుంది. రెండోది మారిపోతుంది. ఈ సంగతి చెప్పడానికి అలర్జీని మించిన ఉదాహరణ లేదు. ఎందుకంటే అలర్జీకి కీలకమైన రెండు కణాలను ప్రపంచానికి చూపించినవాళ్ళు ఇద్దరూ విద్యార్థులే.

1868లో బెర్లిన్‌లో వైద్యం చదువుతున్న పాల్ లాంగర్‌హాన్స్ మనిషి చర్మం ముక్కను బంగారు లవణంతో రంగు కట్టించి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అప్పటికి అతనికి ఇరవైయొక్కేళ్ళు. పైచర్మంలో కొమ్మలు చాచిన కణాలు కనబడ్డాయి. నరాల కణాలని అనుకున్నాడు. తప్పు. అవి చర్మం మీదికొచ్చిన పరాయి పదార్థాన్ని పట్టి రోగనిరోధక వ్యవస్థకు చూపించే కణాలని తేలడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. అతను గీసిన బొమ్మ మాత్రం ఇప్పటికీ సరైనదే. ఆ కణాలకు అతని పేరే ఉంది. పదేళ్ళ తరవాత, 1878లో, పాల్ ఎర్లిఖ్ అనే మరో వైద్య విద్యార్థి లైప్‌జిగ్‌లో డాక్టరేట్ కోసం రంగుల మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. కొత్తగా వచ్చిన అనిలీన్ రంగులు ఏ కణానికి ఎట్లా పడతాయో చూస్తూ, కడుపునిండా రేణువులున్న ఒక కణాన్ని వర్ణించాడు. బాగా తిండి దొరికి బలిసిన కణమేమో అనుకొని ‘మాస్ట్’ కణమని పేరు పెట్టాడు. అదీ తప్పే. ఆ రేణువుల్లో ఉండేది హిస్టమిన్ వగైరా రసాయనాలని చాలాకాలం తరవాత తెలిసింది. పుప్పొడి పడక తుమ్మొచ్చినా, నిమిషాల్లో దద్దురు లేచినా ఆ రేణువులు పగలడం వల్లే. ఆ మరుసటి ఏడే ఎర్లిఖ్ ఈయోసిన్ అనే ఎర్ర రంగును పట్టే తెల్లకణాన్ని వర్ణించాడు. అదే ఈయోసినోఫిల్. మన ఊళ్ళలో ఆగని తుమ్ములకూ ఆయాసానికీ ‘ఇస్నోఫీలియా’ అని పేరు పెట్టేస్తుంటారే, ఆ మాటకు మూలం ఆ కణమే.

ఇద్దరూ చూసింది నిలిచింది, అనుకున్నది నిలవలేదు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. తొలకరి పడిందంటే మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో, కాలవగట్ల మీద తెల్లపూల మొక్క ఒత్తుగా లేస్తుంది. వయ్యారిభామ. క్యారెట్ ఆకులాంటి ఆకు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అమెరికా ఖండపు మొక్క. మన దేశంలో మొదట గుర్తించింది 1955లో పుణెలో. ఒక్క మొక్క పదివేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది. పశువు నోరు పెట్టదు. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1980ల మొదట్లో బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి వదిలారు. అది వానాకాలంలో ఆకు తింటుంది కానీ మొక్కను మట్టుపెట్టలేకపోయింది.

ఈ మొక్క ఒంటిమీది సన్నటి నూగులో పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. చాలా చిన్న అణువు. రోగనిరోధక వ్యవస్థ ఇంత చిన్నదాన్ని సాధారణంగా పట్టించుకోదు. కానీ పార్థెనిన్ చర్మంలోని ప్రొటీన్లకు అతుక్కుంటుంది. అతుక్కోగానే మన ప్రొటీనే మనకు పరాయిదిగా కనబడుతుంది. లాంగర్‌హాన్స్ కణం దాన్ని పట్టుకొని దగ్గర్లోని లింఫు గ్రంథికి పోయి టీ-కణాలకు చూపిస్తుంది. దాన్ని గుర్తుపట్టగల టీ-కణాలు పెరుగుతాయి, కొన్ని జ్ఞాపకంగా మిగులుతాయి. ఇదంతా లోపలే జరుగుతుంది, పైకి ఏమీ తెలియదు. కొందరికి నెలలు, ఎక్కువమందికి ఏళ్ళ తరబడి ఈ మొక్క తగిలాక ఒకనాడు ఆ జ్ఞాపకం నిద్రలేస్తుంది. అక్కణ్ణుంచి మొక్క తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులకు దురద, ఎరుపు, నీటి పొక్కులు, ఆ మీదట చర్మం మందం కట్టడం. కనురెప్పలు, మెడ మడతలు, మోచేతి లోపలి వంపులు ముందుగా పడతాయి. మొక్కను తాకాలని కూడా లేదు. ఎండిపోయిన మొక్క పొడి గాలికి లేచి ఒంటిమీద వాలినా చాలు. వేసవిలో పచ్చని మొక్క ఒక్కటీ కనబడకపోయినా దురద తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఇందులో చిక్కు ‘ఒకటి రెండు రోజులకు’ అన్న మాటలో ఉంది. సోమవారం చేలో కలుపు తీశాడు, ఏమీ కాలేదు. మంగళవారం రాత్రి ఇంట్లో గుత్తివంకాయ. బుధవారం పొద్దున మెడంతా దద్దుర్లు. ఎవరి మీదికి పోతుంది నింద? మన ఇళ్ళలో వంకాయ, గోంగూర, ఎండుచేప ఏళ్ళ తరబడి మోస్తున్న నిందల్లో కొంత వయ్యారిభామదేనని నా అనుమానం. రైతు అబద్ధం చెప్పడంలేదు. నిన్న తిన్నది అతనికి గుర్తుంది, మొన్న తాకింది గుర్తులేదు.

ఇప్పుడు గిద్దలూరు వైపు ఊళ్ళో తిరిగిన ఒక విద్యార్థిని తన నివేదికలో ఇలా రాసిందనుకుందాం: ‘చర్మం దురద ఉన్న 40 మందిలో 22 మందికి వంకాయ, గోంగూర వల్ల అలర్జీ ఉంది.’ దీన్ని చదివే తోటి విద్యార్థి రెండు రకాలుగా పొరపడవచ్చు. ఒకటి, అచ్చయింది గనక నిజమని ఒప్పేసుకోవడం. రెండోది, పిల్లల రాతలే అని పక్కన పడేయడం. నిజానికి ఆ వాక్యంలో గట్టి సమాచారం ఉంది. ఆమె చూసింది ‘40 మందిలో 22 మంది తిండిని కారణంగా చెప్పారు’ అన్నది. అది నిఖార్సయిన సంగతి. అనుకున్నది ‘వాళ్ళకు తిండి అలర్జీ ఉంది’ అన్నది. దానికి ఆధారం లేదు. ఫారంలో ఇంకొక్క గడి ఉండి, దద్దురు ఒంట్లో ఎక్కడ లేచింది, అంతకు రెండు రోజుల ముందు ఏ పనికి పోయారు అని అడిగి ఉంటే, తరవాత వచ్చేవాడికి దారి దొరికేది. వచ్చే ఏడు ఇదే ప్రాజెక్టు చేసే కుర్రాడికి ఆమె ఇచ్చిన కానుక ఆ లోటే. కొత్త విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు, అదే ఊరికి ఆ ఒక్క గడితో పోతే సరి.

విద్యార్థి సర్వేకి ఆస్పత్రి లెక్క మీద ఒక మెరుగు కూడా ఉంది. వయ్యారిభామ వల్ల చర్మం పాడైందని డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్ళలో నడివయసు దాటిన మగవాళ్ళు ఎక్కువని వైద్యుల అనుభవం. ఆడవాళ్ళకు నిజంగానే తక్కువా, లేక కలుపు తీసే ఆడవాళ్ళు ఒంగోలుకో కర్నూలుకో చర్మం డాక్టరు దగ్గరికి పోలేక సిట్రజిన్ బిళ్ళతో సరిపెట్టుకుంటున్నారా? ఆస్పత్రి రిజిస్టరు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. గుమ్మం గుమ్మానికీ తిరిగిన పందొమ్మిదేళ్ళ పిల్ల చెప్పగలదు.

సిట్రజిన్ మాట వచ్చింది గనక అలర్జీలోని రెండో దారి చూద్దాం. అది హిస్టమిన్‌ను అడ్డుకునే మందు. తుమ్ములకు పనిచేస్తుంది. వయ్యారిభామ దద్దురులో ప్రధాన పాత్ర హిస్టమిన్‌ది కాదు గనక అక్కడ పెద్దగా ఫలితం ఉండదు, మగతకు కాస్త దురద మరుపు తప్ప. తుమ్ముల అలర్జీ వేరే యంత్రాంగం. దానికి మన ప్రాంతపు ఉదాహరణ చిల్లకంప. సర్కారు తుమ్మ అన్నా అదే. ఇది మన మొక్క కాదు. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనంతో కడప జిల్లా కమలాపురంలో నాటించారని అటవీ శాఖ చరిత్ర చెబుతుంది. అక్కడా, దేశంలో వేరేచోట్లా నాటింది విస్తరించి ఇవాళ చెరువు కట్టలూ బీళ్ళూ అంతా అదే. బొగ్గు కాల్చేవాళ్ళకు బతుకుతెరువు కూడా.

దీని పుప్పొడి కొందరి ముక్కులో పడినప్పుడు, అందులోని ప్రొటీన్‌ను చూసిన బీ-కణాలు ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తాయి. అది రక్తంలో ఊరికే తిరగదు. ఎర్లిఖ్ చూసిన మాస్ట్ కణాల మీదికెక్కి కూర్చుంటుంది. ఎలుకబోను కట్టిపెట్టినట్టు. మొదటిసారి బోను కట్టడమే, చప్పుడుండదు. మళ్ళీ అదే పుప్పొడి వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందా, బోను పడుతుంది, రేణువులు పగులుతాయి. నిమిషాల్లో తుమ్ములు, కళ్ళమంట, ముక్కు కారడం. అదే ఊపిరిగొట్టాల్లో జరిగితే పిల్లికూతలు, ఆయాసం. నిమిషాల్లో వచ్చేది ఇది, రోజుల్లో వచ్చేది అది. ఈ తేడా ఒక్కటి తెలిసినా సగం ప్రశ్నావళి బాగుపడుతుంది.

ఈ రెండు దారులూ వేరని తేల్చిన ప్రయోగాలు చెప్పుకోదగ్గవి. 1921లో జర్మనీలో కార్ల్ ప్రాస్నిట్స్, హైన్స్ క్యుస్ట్‌నర్ అనే ఇద్దరు వైద్యులు కలిసి పనిచేస్తున్నారు. క్యుస్ట్‌నర్‌కు చేప పడదు. అతని రక్తం నుంచి తీసిన సీరాన్ని ప్రాస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకొని, మర్నాడు అక్కడే చేప సారం ఎక్కించుకున్నాడు. దద్దురు లేచింది. అలర్జీ సీరంలో ఉన్న దేనివల్లనో వస్తోందని తేలింది. ఆ ‘ఏదో’ ఐజీఈ అని 1966-67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా పట్టుకున్నారు. ఒకరి నమూనాలు ఒకరికి ఇచ్చి పోల్చుకున్నాక 1968లో ఒకే పేరు స్థిరపడింది. ఇషిజాకాలు వాడిన పుప్పొడి ర్యాగ్‌వీడ్ మొక్కది. వయ్యారిభామదీ ఆ కుటుంబమే. ఇక తగిలితే వచ్చే చర్మపు అలర్జీని సీరంతో ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేయలేకపోయారు. 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ గినీ పందుల్లో తెల్లకణాలను ఎక్కించి చూస్తే బదిలీ అయింది. ఒకటి సీరంతో పోతుంది, ఒకటి కణాలతో పోతుంది.

అలర్జీ కానివాటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రాజెక్టుల్లో ఎక్కువ తప్పులు దొర్లేది వీటి దగ్గరే. మిరపకాయలు ఎండబెట్టే కళ్ళంలో దగ్గొస్తే అది అలర్జీ కాదు. మిర్చిలోని క్యాప్సైసిన్ నరాల చివర వేడిని పసిగట్టే గ్రాహకాన్ని నేరుగా తాకుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చూడవలసింది ఒక్కటే: అందరికీనా, కొందరికేనా? ఘాటుకు కళ్ళంలో ఉన్నవాళ్ళందరూ దగ్గుతారు. బొగ్గుబట్టీ పొగా అంతే. అలర్జీ కొందరినే పడుతుంది.

మార్కాపురం పలకల సంగతి ఇంకా తీవ్రం. బడి పలకలకు, ఆ తరవాత ఇళ్ళకు పరిచే పలకరాయికి పేరుమోసిన ఊరిది. ఆ రాతిలో క్వార్ట్జ్ ఉంటుంది. కోసినప్పుడు లేచే ధూళిలో అయిదు మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. పుప్పొడి అంతకు కొన్ని రెట్లు పెద్దది గనక చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. లోపలికి పోయిన రాతిరేణువును తెల్లకణం మింగుతుంది, అరిగించుకోలేక చస్తుంది, ఇంకొకటి వచ్చి మింగుతుంది. అక్కడ మచ్చ కడుతుంది. ఇది సిలికోసిస్. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికుల మీద అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనాలు ఇది ఎంతటి ప్రాణాంతకమో చూపించాయి. దీన్ని తిప్పికొట్టే మందు లేదు, పైగా క్షయ వచ్చే అవకాశం పెరుగుతుంది. రాయి కోసే మనిషి ఆయాసాన్ని ‘డస్ట్ అలర్జీ’ అని రాసిన ప్రాజెక్టు కనబడితే, మార్కులు తగ్గించడం కాదు, ఆ మనిషిని ఎక్స్‌రేకు పంపించాలి.

ఇస్నోఫీలియా కథలో కూడా క్షయ ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం ఒకప్పుడు దక్షిణాది క్షయరోగులకు పెద్ద దిక్కు. అక్కడి డాక్టర్లు ఫ్రిమోట్-మోలర్, బార్టన్ 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం రాశారు. కొందరు రోగులకు దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు అన్నీ క్షయలాగే ఉన్నాయి, కానీ క్షయ కాదు. రక్తంలో ఈయోసినోఫిళ్ళు విపరీతంగా ఉన్నాయి. కారణం వాళ్ళు తేల్చలేదు, చూసింది చూసినట్టు రాశారు. మూడేళ్ళకు వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ట్రాపికల్ ఈయోసినోఫీలియా అని పేరు పెట్టాడు. తరవాతి కాలంలో తేలింది: అది బోదకాలు పురుగు పిల్లల మీద శరీరం చేసే అతి స్పందన, అంటే ఒకరకమైన అలర్జీ. దానికి పనిచేసిన మందు డైఈథైల్ కార్బమజీన్. అది యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో 1940ల్లో తయారైంది. రోగాన్ని వర్ణించిన చోటూ తెలుగు నేలే, మందు వెనక మనిషీ తెలుగువాడే. ఈ సంగతి మన వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర తరగతుల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. అయితే ఇవాళ తుమ్మిన ప్రతివాడికీ ఇస్నోఫీలియా కాదు. రక్తపరీక్షలో ఆ అంకె పెరగడానికి కడుపులో నులిపురుగులు కూడా చాలు.

పోల్చి చూడని లెక్కకు విలువ లేదన్న సంగతి చివరిగా. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదానికి ఆయాసం ఉన్నవాళ్ళు రాష్ట్రాలు దాటి పోతారు. ఒక విద్యార్థి, అలా వెళ్ళొచ్చిన వాళ్ళను అడిగి ‘సగం మందికి తగ్గింది’ అని రాస్తే మనకు ఏం తెలిసినట్టు? జూన్‌తో ఎండ పోయి వాన వస్తుంది, గాలిలో పుప్పొడి, ధూళి మారతాయి. ఆయాసం దానంతటదే పెరిగి తగ్గే జబ్బు. మందు మింగనివాళ్ళలో ఎందరికి తగ్గిందో పక్కన లేకపోతే ఆ ‘సగం’ ఒంటరి అంకె.

పోల్చి చూస్తే చిన్న ప్రశ్న కూడా ఎంత దూరం పోతుందో 1989లో బ్రిటన్‌లో డేవిడ్ స్ట్రాకన్ చూపించాడు. పదిహేడు వేలకు పైగా పిల్లల సమాచారం తీసుకొని, ఇంట్లో ఎందరు తోబుట్టువులు అని చూశాడు. అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్న పిల్లలకు పుప్పొడి తుమ్ములు తక్కువ. చిన్నప్పుడు ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ తగలడం వల్లనేమో అన్నాడు. ఆ వివరణ మీద ముప్పై ఏళ్ళకు పైగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. లెక్క మాత్రం మిగతా చోట్ల కూడా చాలాసార్లు నిలబడింది. ఇంకా వెనక్కి పోతే, 1819లో లండన్‌లో జాన్ బోస్టాక్ ఏటా వేసవిలో తనకొచ్చే తుమ్ముల్ని వివరంగా వర్ణించి, ఎండ వేడి వల్ల అనుకున్నాడు. మాంచెస్టర్‌లో అదే బాధ పడుతున్న చార్లెస్ బ్లాక్లీ, ఏటా ఒకే కాలంలో వస్తుందన్న సంగతి పట్టుకొని, కారణాన్ని మాత్రం నమ్మలేదు. పుప్పొడిని తన ముక్కుకూ చర్మానికీ తానే పట్టించుకొని చూశాడు. జిగురు పూసిన గాజుపలకలు గాలిపటాలకు కట్టి పైకి పంపి, అక్కడా పుప్పొడి ఉందని చూపించాడు. 1873లో ఇదంతా పుస్తకంగా వేశాడు.

బ్లాక్లీ పని మార్కాపురంలో ఏ కాలేజీ అయినా చేయగలదు. గాజు స్లైడుకు పల్చగా వాజలీన్ రాసి మేడమీద 24 గంటలు పెట్టడం, ల్యాబులో ఎలాగూ ఉండే సాఫ్రనిన్‌తో రంగు కట్టించి చూడటం. వయ్యారిభామ పుప్పొడి ముళ్ళబంతిలా ఉంటుంది, గడ్డి పుప్పొడి నున్నగా గుండ్రంగా ఒకే రంధ్రంతో ఉంటుంది. వారానికోసారి ఏడాది పొడవునా పెడితే మన పట్టణపు గాలికి ఒక క్యాలెండర్ తయారవుతుంది. ఒక బ్యాచ్‌తో అయ్యేది కాదు. అందుకే జూనియర్లు సీనియర్ల నోట్సు చదవాలి, సీనియర్లు అసలు అంకెల్ని భద్రంగా ఉంచాలి.

ఒక హెచ్చరిక. వయ్యారిభామ ఆకు రసం తోటి విద్యార్థి చేతికి రాసి ‘ప్యాచ్ టెస్ట్’ చేశామని ఎవరూ రాయకూడదు. అలర్జీ లేనివాడికి దానితోనే మొదలుకావచ్చు, మొదలైతే జీవితాంతం ఉండొచ్చు. చామంతి, పొద్దుతిరుగుడు లాంటి అదే కుటుంబపు మొక్కలు కూడా అతనికి పడకుండా పోవచ్చు. పరీక్షలు చర్మవైద్యుల పని. ప్యాచ్ వేసి 48 గంటలకు, ఆ తరవాత మరోసారి చూస్తారు. సూది గుచ్చి చేసే పరీక్షను పావుగంట, ఇరవై నిమిషాల్లో చూస్తారు. అందులో దద్దురు లేచినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, బోను కట్టి ఉందని మాత్రమే. మొక్కను పీకేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ ఉండాలి, పూతకు ముందే పీకాలి. ఏదైనా తిన్నాక, కుట్టాక పెదాలు వాచి ఊపిరి అందకపోతే సిట్రజిన్ కోసం వెతక్కండి. అది అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వవలసిన ప్రమాదం, 108కి ఫోన్ చేయండి.

లెక్చరర్లకు ఒక మనవి. ఈసారి వైవాలో ప్రతి విద్యార్థినీ తన ప్రాజెక్టు గురించి కాక, నిరుటి ఒక ప్రాజెక్టు గురించి అడగండి: అందులో ఏం చూశారు, ఏం అనుకున్నారు, నువ్వయితే ఏ గడి కలుపుతావు? నిండిన ఫారాలు, స్లైడు లెక్కల నోట్సు కూడా బైండుతో పాటు పెట్టించండి. బీరువా తాళంచెవి లైబ్రేరియన్‌కు ఇవ్వండి.